థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లబడుతుందా?

(చెన్నై అంబత్తూరులో ఒక ఆదివారం పొద్దున, బండ్లు నడుపుకునే తెలుగువాళ్ళ కోసం ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. వక్త చాలాకాలం వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా పనిచేశారు. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద చోటు కోసం చూస్తున్నారా? ఉన్నవే రెండు ఫ్యాన్లు, ఎక్కడ కూచున్నా ఒకటే. కత్తిరి వెయిలు, అదే ఇక్కడి మే నెల ముదురు ఎండ, అప్పుడే మొదలైపోయింది, మన రోహిణి కార్తె ఇంకా రానేలేదు. ఇంత ఎండలో బండి హీటెక్కే సంగతి వినడానికి ఇంతమంది వచ్చారంటే ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒకచోట దెబ్బ తగిలే ఉంటుంది.

ఒకటి అడుగుతాను, మొహమాటం లేకుండా చేతులెత్తండి. మీ బండిలో థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి ఇంజిను నీళ్ళ దారి తెరిచి మూసే చిన్న వాల్వు, తీసేయించుకున్నవాళ్ళు ఎంతమంది? చూశారా, ఆ వరస సగం ఎత్తేసింది. మిగిలినవాళ్ళలో కొందరికి తమ బండిలో అది ఉందో లేదో కూడా తెలియదు, వాళ్ళు చెయ్యి ఎత్తాలా వద్దా అని చూస్తున్నారు. సరే, ఎందుకు తీయించారు? మెకానిక్ చెప్పాడు. ఏమని చెప్పాడు? "అన్నా, అది చలిదేశాలవాళ్ళకు. మన ఎండకు దాంతో పనేముంది? తీసేస్తే నీళ్ళు ఫ్రీగా తిరుగుతాయి, బండి కూల్‌గా ఉంటుంది." అంతేనా? ఈ మాట పుదుపేటలో విన్నాను, నెల్లూరులో విన్నాను, చిత్తూరులో విన్నాను. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. అందుకే అందరూ నమ్ముతారు. నేను ఇవాళ మాట్లాడేదంతా ఆ ఒక్క మాట గురించే.

ముందు వేడి ఎంతో చూద్దాం. మీరు పోయించే డీజిలులో, పెట్రోలులో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది సుమారు మూడో వంతు. ఇంకో మూడో వంతు పొగతో పాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన మూడో వంతు ఇంజిను గోడలకు అంటుకుంటుంది. దాన్ని మోసుకుపోవాల్సింది నీళ్ళు. బండిని బట్టి ఈ వాటాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. చెన్నై నుంచి దక్షిణానికి పోయే జీఎస్టీ రోడ్డు మీద బండి జోరుగా పోతోంది, ఇంజిను 30 కిలోవాట్ల పని చేస్తోంది అనుకోండి, అంటే 40 హార్స్‌పవర్. అంతే వేడి నీళ్ళలోకీ దిగుతోంది. మీ ఇంట్లో గీజరు 2 కిలోవాట్లు. పదిహేను గీజర్లు ఒకేసారి వేసి, ఆపకుండా గంటసేపు వదిలేస్తే ఎంతో, అంత. ఈ వేడినంతా మోస్తున్నవి ఎన్ని నీళ్ళు? మామూలు కారులో ఐదారు లీటర్లు. అవే నీళ్ళు తిరిగి తిరిగి మోయాలి.

సిలిండరు లోపల మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. పిస్టన్ అల్యూమినియం. అల్యూమినియం 660 డిగ్రీలకు కరిగిపోతుంది. మరి ఎలా బతుకుతోంది? మంట ఉండేది రెప్పపాటులో చిన్న ముక్క. ఆ వెంటనే బయటి గాలి లోపలికొస్తుంది, గోడలకు పట్టిన వేడి నీళ్ళలోకి దిగిపోతుంది. ఈ పని ఒక నిమిషం సరిగ్గా జరక్కపోతే ఏమవుతుందో మీలో సిలిండర్ల పైకప్పును, అదే హెడ్డును, దింపించుకున్నవాళ్ళకు తెలుసు, బిల్లు గుర్తుంటుంది.

అయితే ఎంత చల్లబరిస్తే అంత మంచిది కదా? అసలు తిరకాసు ఇక్కడే ఉంది. కాదు. ఇంజిను చల్లగా ఉండకూడదు. 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. కొన్నింటికి 85, కొన్నింటికి 100, అది కంపెనీవాళ్ళు చూసుకుంటారు. కానీ నిలకడగా ఉండాలి.

చల్లటి ఇంజినులో ఏం జరుగుతుంది? పెట్రోలు చల్లటి గోడ మీద పడితే పూర్తిగా ఆవిరవ్వదు. తడిగా అంటుకుని, అక్కడున్న ఆయిలు పొరను కడిగేస్తుంది. పిస్టన్ రింగులు పొడిగా రాసుకుంటాయి. ఆ పెట్రోలే కిందికి జారి ఆయిలులో కలుస్తుంది, ఆయిలు పల్చబడుతుంది. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు: ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. నమ్మరా? ఆవిరిగా పుడతాయి. ఇంజిను వేడిగా ఉంటే ఆ ఆవిరి సైలెన్సర్‌లోంచి పోతుంది. పొద్దున్నే బండి తీసినప్పుడు సైలెన్సర్ కొసన నీళ్ళు కారుతాయే, అవే. ఇంజిను చల్లగా ఉంటే కొంత లోపలే నీరై, ఆమ్లాలతో కలిసి గోడలను తినేస్తుంది, ఆయిలును చెడగొడుతుంది. ఆయిలు మూత విప్పి చూడండి, లోపలివైపు తెల్లటి జిడ్డు పేరుకుని ఉంటే బండి సరిగ్గా వేడెక్కడం లేదని ఒక అనుమానం. హెడ్డు కింద బిగించే పొర, అదే హెడ్ గ్యాస్కెట్, పోయినా అలాగే కనబడుతుంది, అది వేరే కథ, దానికి మళ్ళీ వస్తాను.

ఇప్పటి బండ్లలో కంప్యూటర్ ఉంది. దానికి నీళ్ళ వేడి చెప్పే సెన్సర్ ఉంది. నీళ్ళు 60, 65 దగ్గరే తిరుగుతుంటే అది ఏమనుకుంటుంది? ఇంజిను ఇంకా వేడెక్కలేదనుకుని, ఇంధనం కాస్త ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయిందని మీరు పెట్రోల్ బంకువాణ్ణి తిడతారు. స్కానర్ పెడితే పి 0128 అని కోడ్ వస్తుంది. దాని అర్థం ఇంజిను రావలసిన వేడికి రావడం లేదని. స్కానర్ పెట్టేవాడు ఆ కోడ్ తుడిచేసి పంపిస్తాడు, నాలుగు రోజులకు మళ్ళీ వస్తుంది. తుడవడానికి ఐదు వందలు, తీసేసిన థర్మోస్టాట్ తిరిగి వేయడానికి మనసు రాదు.

సరే, ఇప్పుడు దారి చూద్దాం. ఇంజిను లోపల నీళ్ళు తిరగడానికి రెండు దారులున్నాయి. చిన్న దారి: పంపు నుంచి సిలిండర్లుండే బ్లాకులోకి, హెడ్డులోకి, అక్కడినుంచి బైపాస్ గొట్టం గుండా మళ్ళీ పంపుకు. నీళ్ళను గాలితో చల్లబరిచే రేడియేటర్ ముఖం కూడా చూడవు. పెద్ద దారి: హెడ్డులోంచి పై హోస్ పైపు గుండా రేడియేటర్‌కు, అక్కడినుంచి కింది పైపు గుండా పంపుకు. ఏ దారిలో ఎన్ని పోవాలో చూసేది థర్మోస్టాట్. చల్లగా ఉన్నప్పుడు అన్నీ చిన్న దారిలో. వేడెక్కాక పెద్ద దారి తెరుచుకుంటుంది.

ఇదిగో, ఇదే ఆ మనిషి. అరచేతిలో పట్టేంత. చివర కూచున్న అన్నకు ఇవ్వండి, చూసి ముందుకు పంపిస్తాడు. అంచు మీద చిన్న అంకె చెక్కి ఉంది, చదవండి. 82. అంటే 82 డిగ్రీలకు తెరుచుకోవడం మొదలెడుతుంది. ఆ అంచుకే ఒక చిన్న బెజ్జం, అందులో వేలాడే పిన్ను ఉంది, ఊపితే టకటకమంటుంది. అది విరిగిపోయిన ముక్క కాదు, లోపల చిక్కుకున్న గాలి పోవడానికి పెట్టారు. బిగించేటప్పుడు ఆ పిన్ను పైవైపు రావాలి. కిందికి పెట్టి బిగించి, నీళ్ళు పోశాక గాలి చిక్కుకుని బండి హీటైతే థర్మోస్టాట్ బాగాలేదన్నవాళ్ళను చాలామందిని చూశాను.

ఇంకోటి ఇక్కడ గిన్నెలో వేశాను. కరెంటు పొయ్యి మీద పెట్టాం. దారం చూశారా? వాల్వు సందులో దారం ఇరికించి దానికే వేలాడదీశాను. అడుగుకు తగలకూడదు, తగిలితే గిన్నె వేడికి తప్పుగా తెరుచుకుంటుంది. థర్మామీటరు ఎవరైనా చదవండి. 71. సరే, కాగనివ్వండి, ఈలోపు లోపల ఏముందో చెబుతాను.

లోపల కరెంటు లేదు, వైరు లేదు, బుర్ర లేదు. రాగి, ఇత్తడితో చేసిన చిన్న బుడ్డి, దాని నిండా మైనం. పారఫిన్ మైనం. వేడి త్వరగా పట్టడానికి రాగి పొడి కలుపుతారు. మైనం గట్టిగా ఉన్నప్పుడు చిన్నగా ఉంటుంది, కరిగితే ఉబ్బుతుంది, పరిమాణంలో నూటికి పది, పదిహేను వంతులు. ఆ ఉబ్బుకు చోటు లేక రబ్బరును నొక్కి, మధ్యలో ఉన్న పుల్లను బయటికి తోస్తుంది. స్ప్రింగు ఎంత గట్టిగా పట్టుకున్నా తోసేస్తుంది. చల్లబడితే స్ప్రింగు మళ్ళీ మూసేస్తుంది. అంతే. ఏ డిగ్రీకి కరిగే మైనం నింపితే ఆ డిగ్రీకి తెరుచుకుంటుంది. 1930లలో సెర్జియస్ వెర్నే అనే ఆయన ఈ మైనం పద్ధతి తెచ్చాడు. అంతకుముందు లోపల త్వరగా ఆవిరయ్యే ద్రవం పోసిన మడతల డబ్బీలు వాడేవాళ్ళు. వాటికి చుట్టూ నీళ్ళ ప్రెషర్ పెరిగితే లెక్క తప్పేది. మైనానికి ప్రెషర్‌తో పనిలేదు. ఇన్నేళ్ళైనా కోట్ల బండ్లలో ఇదే ఉంది.

ఎంతయింది? 80. ఏమైనా కదిలిందా? లేదు. చూస్తూ ఉండండి, అమ్మా, మీరు ముందుకు వంగి చూడొచ్చు, ఆవిరి మాత్రం మొహానికి తగలనీయకండి. 82. 83. అదిగో! పడింది చూశారా? దారం జారి గిన్నెలో పడిపోయింది. వాల్వు సందు గోరంత కూడా తెరుచుకోలేదు, అయినా దారం వదిలేసింది. ఇప్పుడు 90. సందు కనబడుతోంది. 95కి వచ్చేసరికి సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి, అప్పుడు మంచి థర్మోస్టాట్. గమనించండి, ఇది టక్కున తెరుచుకునే తలుపు కాదు. 82కి కొంచెం, 88కి ఇంకొంచెం. బండి పోతున్నంతసేపూ ఇది కొంచెం తెరుస్తూ, కొంచెం మూస్తూ ఉంటుంది. కోయంబేడు దగ్గర ట్రాఫిక్‌లో ఒకలా, ఈసీఆర్‌లో అదే సముద్రం పక్క రోడ్డులో, వానలో ఒకలా.

ఇప్పుడు దీని కింది భాగం చూడండి. కింద ఇంకో చిన్న పళ్ళెం ఉంది కదా? ఇది ఎందుకు? ఎవరైనా చెబుతారా? చాలామంది మెకానిక్కులు కూడా చెప్పలేరు. పై పళ్ళెం రేడియేటర్ దారి తెరుస్తుంటే, ఈ కింది పళ్ళెం బైపాస్ దారిని మూస్తుంది. ఒకటి తెరుచుకుంటే ఒకటి మూసుకుంటుంది. ఇంజిను పూర్తిగా వేడెక్కినప్పుడు బైపాస్ మూసుకుపోయి, నీళ్ళన్నీ రేడియేటర్ గుండానే పోవాలి.

ఇప్పుడు చెప్పండి, థర్మోస్టాట్ పీకేస్తే ఏమైంది? రేడియేటర్ దారి తెరుచుకుంది, నిజమే. బైపాస్? అది కూడా తెరుచుకునే ఉంది. మూసేవాడు లేడు. నీళ్ళు ఎటు పోతాయి? ఎటు సులువైతే అటు. రేడియేటర్ గొట్టాలు సన్నవి, బైపాస్ పొట్టి దారి. సగం నీళ్ళు వేడివేడిగా రేడియేటర్‌కు పోకుండానే పంపుకు తిరిగొచ్చేస్తాయి.

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ట్రావెల్స్‌కు తిప్పుకునే ఒక తమ్ముడు, ఏడు సీట్ల డీజిలు బండి. ఎండాకాలం బండి కొంచెం వేడిగా ఉంటోందని ఎక్కడో చూపిస్తే థర్మోస్టాట్ తీసేశారు. మర్నాటినుంచి ఇంజిను వేడి చూపే సూది కిందే ఉంది. తిరుపతి హైవేలో ఎంత తోలినా సగం కూడా రాదు. సంతోషం. మెకానిక్‌కు టీ కూడా ఇప్పించాడట. తర్వాత ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని తిరుమల బయల్దేరాడు. ఏడుగురు, పైన సామాను, ఏసీ ఫుల్లు. కింద అలిపిరి దాకా సూది కిందే. రెండో ఘాట్ ఎక్కడం మొదలెట్టాడు. ముందు బస్సు, రెండో గేరు, ఇంజిను అరుస్తోంది, బండి మాత్రం ఇరవై కిలోమీటర్ల వేగం. సూది సగానికొచ్చింది, ముప్పావుకొచ్చింది, ఎర్ర గీత దాటింది. పక్కకు తీసేసరికి బానెట్ కింద పొగ.

నా దగ్గరకు తెచ్చి అడిగిందేమిటంటే, "సార్, థర్మోస్టాట్ కూడా లేదు కదా, ఎలా హీటైంది?" లేదు కాబట్టే హీటైంది. హైవేలో లోడు తక్కువ, గాలి ఎక్కువ, బైపాస్‌లో సగం నీళ్ళు పోయినా గడిచిపోయింది, పైగా మరీ చల్లబడింది. ఘాట్‌లో లోడు ఎక్కువ, గాలి లేదు, రేడియేటర్‌కు చేరే నీళ్ళే తక్కువ. ఒకే బండి, ఒకే లోపం, కింద అతిచల్లన, పైన అతివేడి. మొదట్లో వేడిగా ఉండేదన్నాడే, దానికి కారణం వెతికితే రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ మధ్య దుమ్ము, పురుగులు, ప్లాస్టిక్ కవర్ ముక్కలు పేరుకుని గాలి ఆడటం లేదు. కడిగితే పోయేదానికి థర్మోస్టాట్ బలైపోయింది.

ఇక్కడ ఇంకో మాట వినబడుతుంది: "థర్మోస్టాట్ లేకపోతే నీళ్ళు మరీ జోరుగా పోయి, రేడియేటర్‌లో చల్లబడటానికి టైము దొరకదు." థర్మోస్టాట్‌ను సమర్థించేవాళ్ళే ఈ మాట చెబుతారు, కానీ ఇది కూడా తప్పే. జోరుగా తిరిగితే ఒక చుట్టులో తక్కువ చల్లబడతాయి, కానీ ఎక్కువ చుట్లు తిరుగుతాయి, మొత్తం మీద ఎక్కువ వేడే పోతుంది. నష్టం జోరు వల్ల కాదు, బైపాస్ వల్ల. మన పక్షం వాదన కదా అని తప్పుడు వాదన చెయ్యకూడదు. అన్ని ఇంజిన్లలోనూ ఈ కింది పళ్ళెం ఉండదు, అదీ ఒప్పుకోవాలి. అలాంటి వాటిలో ఘాట్‌లో హీటవ్వకపోవచ్చు, కానీ చల్లటి ఇంజిను జబ్బులన్నీ వస్తాయి.

రేడియేటర్ గురించి. రేడియేటర్‌లోకి పోయిన వేడినీళ్ళు చల్లగా బయటికొస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. 95తో వెళ్ళి 85, 90తో బయటికొస్తాయి. పది డిగ్రీల లోపే తేడా. కానీ నిమిషానికి వంద లీటర్ల దాకా తిరుగుతున్నప్పుడు అందులో నాలుగైదు డిగ్రీలే ముప్పై కిలోవాట్లను మోసేస్తాయి.

రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది బయటి గాలిని బట్టి. ఊటీలో పొద్దున గాలి 10 డిగ్రీలు, నీళ్ళు 95, తేడా 85. చెన్నైలో మే నెల మధ్యాహ్నం గాలి 42, తేడా 53. అదే రేడియేటర్, అదే బండి, ఊటీలో నూరు వంతులు వదిలితే ఇక్కడ అరవై రెండే వదులుతుంది. దానికి తోడు ఏసీ వేశారా, ముందున్న కండెన్సర్ వదిలే వేడిగాలే రేడియేటర్‌కు దొరుకుతుంది. సిగ్నల్ దగ్గర ఆగారా, ఫ్యాను తిరిగితేనే గాలి. అంటే మన ఎండకు థర్మోస్టాట్ అక్కర్లేదన్న మాట ఎంత తలకిందులో చూడండి. మన ఎండకు ప్రతి బొట్టూ రేడియేటర్ గుండా పోవాలి, బైపాస్ గట్టిగా మూసుకోవాలి.

పాతకాలంలో ఇవేవీ లేవు. కార్ల్ బెంజ్ మొదటి బండిలో నీళ్ళు మరిగి ఆవిరైపోవడమే చల్లదనం. ఆయన భార్య బెర్తా బెంజ్ 1888లో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, నూరు కిలోమీటర్ల పైచిలుకు, దారిలో నీళ్ళు కనబడ్డ చోటల్లా పోసుకుంటూ పోయింది. 1900 చివర్లో విల్‌హెల్మ్ మేబాక్ 8,070 చిన్న గొట్టాలు పేర్చి రేడియేటర్ చేశాడు. అప్పటిదాకా 18 లీటర్లు కావాల్సిన బండికి 9 లీటర్లు సరిపోయాయి. ఇప్పుడున్నది దాని మనవడే.

మూత సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో ప్రెషర్ అంకె ఉంటుంది, బార్ లెక్కలో. ఆ ప్రెషర్ వచ్చేదాకా అది నీళ్ళను పట్టి ఉంచుతుంది. 1.1 దగ్గర మామూలు నీళ్ళు కూడా 120 దాకా మరగవు. మూత లేకపోతే? చెన్నైలో నూరుకు మరుగుతాయి. తిరుమల సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ 97కే. బెంగుళూరులోనూ అంతే. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకునేదే 95 దగ్గర. లెక్క కట్టండి, ఎంత సందు మిగిలింది? రెండు డిగ్రీలు. రబ్బరు పోయిన మూతతో కొండెక్కితే రేడియేటర్ కొత్తదైనా పొంగుతుంది. మూత ఖరీదు పెద్దగా ఉండదు. అందరూ చివర మార్చేది అదే. మొదట మార్చాల్సింది అది.

ఇక నీళ్ళు. వేలచ్చేరి, పల్లికరణై, ఈసీఆర్ వైపు బోరు నీళ్ళు తాగి చూశారా? ఆ ఉప్పు నీళ్ళే బండిలో పోస్తారు. బకెట్టు అడుగున తెల్లగా పట్టేది లోపల కూడా పడుతుంది. ఎక్కడ పడుతుంది? రేడియేటర్‌లో అంటారు. కానీ నీళ్ళలోని సున్నం వేడెక్కే కొద్దీ ఎక్కువ విడిపోతుంది. అంటే అన్నిటికన్నా వేడైన చోట ఎక్కువ పడుతుంది. అది హెడ్డు, సిలిండర్ల చుట్టూ. రేడియేటర్ విప్పి కడిగించి, శుభ్రమైందనుకుంటారు, అసలు పొర ఇంజినులో ఉంది. వేడి ఆ పొర దాటి నీళ్ళకు చేరదు. సూది మామూలుగానే చూపిస్తుంది, లోహం మాత్రం కాలిపోతుంటుంది.

కూలెంట్, అంటే బండి నీళ్ళలో కలిపే ద్రవం, గడ్డకట్టకుండా ఉండటానికి కదా, మద్రాసులో గడ్డకట్టేదేముంది అంటారు. నిజమే. సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు, అది మనకు పనికిరాదు. మనకు పనికొచ్చేది దానిలో ఉన్న తుప్పు మందులు, ఇంకా కొంచెం ఎక్కువ వేడికి మరగడం. ఇప్పుడు హెడ్డు అల్యూమినియం, రేడియేటర్ అల్యూమినియం, అది ఉప్పు నీళ్ళకు ఆగదు. డబ్బా మీద చూసి కొనండి: కొన్ని రకాలు ముందే నీళ్ళు కలిపి అమ్ముతారు, వాటికి మళ్ళీ నీళ్ళు కలపకూడదు. కలపాల్సినవైతే డీమినరలైజ్డ్ నీళ్ళు, బ్యాటరీకి పోసేవి. రంగు చూసి కొనొద్దు, పచ్చ, ఎరుపు అన్నది కంపెనీ ఇష్టం. రకాలు కలపొద్దు. ఇంకోటి, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు, కుక్కలున్నవాళ్ళు వినండి: అది తియ్యగా ఉంటుంది, విషం. పాత కూలెంట్ వాకిట్లో పారబోయకండి, సీసాల్లో పోసి పెట్టకండి.

రోడ్డు మీద హీటైతే ఏం చెయ్యాలి? ముందు ఏసీ ఆపండి. వెంటనే పక్కకు తీసే చోటు లేకపోతే హీటర్ ఫుల్లు వేడికి తిప్పి, బ్లోయర్ ఫుల్లు పెట్టండి, అద్దాలు దించండి. హీటర్ అంటే లోపలున్న ఇంకో చిన్న రేడియేటరే. ప్రయాణికులు తిడతారు, తిట్టనివ్వండి. చోటు దొరగ్గానే ఆపేయండి. మూత జోలికి పోవద్దు. అరగంట కాదు, చేత్తో పై పైపు పట్టుకుంటే కాలకుండా ఉండేదాకా ఆగండి. 110, 120 డిగ్రీల నీళ్ళు మూత తీయగానే ప్రెషర్ పోయి ఒక్కసారిగా ఆవిరవుతాయి, మొహం, చేతులు కాలిపోతాయి. కాలుతున్న ఇంజిను మీద, లోపల చల్లనీళ్ళు పోయొద్దు. అల్యూమినియం ఇనుముకు రెండింతలు వ్యాకోచిస్తుంది, హెడ్డు వంగిపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. పోయిందని ఎలా తెలుస్తుంది? సైలెన్సర్‌లో ఆగని తెల్లపొగ, కూలెంట్ డబ్బాలో బుడగలు, డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలరంగు. ఇందాక మళ్ళీ వస్తానన్నది ఇదే.

సూది గురించి ఒక్క మాట. సూది సగంలో నిలబడిందంటే అది నిజం చెబుతోందని కాదు. చాలా బండ్లలో 75 నుంచి 105 దాకా ఎంతున్నా సూదిని సగంలోనే ఉంచేలా చేశారు, మీరు కంగారు పడకుండా. అది కదిలేసరికే ఆలస్యమైపోతుంది. నీళ్ళన్నీ కారిపోతే సెన్సర్ గాలిలో ఉంటుంది, అప్పుడు సూది పడిపోవచ్చు కూడా. ఎక్కిన సూది ఒక్కసారిగా పడిపోతే చల్లబడిందని సంబరపడకండి, ఆపండి.

ప్రశ్నలు

మీ కారులో సూదే లేదా అమ్మా? పొద్దున నీలం లైటు వెలుగుతుంది, కాసేపటికి ఆరిపోతుంది. నీలం అంటే ఇంజిను ఇంకా చల్లగా ఉంది, మెల్లగా తోలండి అని. నిలబెట్టి పది నిమిషాలు వేడి చెయ్యక్కర్లేదు, బయల్దేరి నెమ్మదిగా పోతే అదే త్వరగా వేడెక్కుతుంది. ఎర్ర లైటు వస్తే ఆగిపోవాలి. పిల్లల్ని రెండు కిలోమీటర్ల దూరంలో బడిలో దింపి వచ్చేస్తానన్నారు కదా, మీ ఇంజిను ఎప్పుడూ సరైన వేడికి రాదు. మీరు ఆయిలు కిలోమీటర్ల లెక్కన కాదు, నెలల లెక్కన మార్చండి.

పసుపు పొడి వేస్తే రేడియేటర్ లీకు ఆగుతుందా? ఆగుతుంది. ఇంటికి చేరేదాకా ఆగుతుంది. కానీ అది కన్నం ఎక్కడుందో చూసుకుని పోదు, సన్న గొట్టాలన్నిట్లో పేరుకుంటుంది. వేసినవాళ్ళు మర్నాడే బాగు చేయించి, లోపలంతా కడిగించుకోవాలి. ఎవరూ చేయించరు, అదే గొడవ.

కరెంటు బండ్లకు ఈ బాధ లేదు కదా అంటున్నారు. రేడియేటర్ వాటిలో చాలావాటికీ ఉంది. బ్యాటరీ మనిషి ఒంటికి హాయిగా ఉండే వేడి దగ్గరే బాగుంటుంది, ఎండలో ఫాస్ట్ చార్జింగ్ పెడితే దాన్ని చల్లబరచాలి. అక్కడ వాల్వును కంప్యూటర్ తిప్పుతుంది, మైనం కాదు.

చివరి ప్రశ్న, నీలం చొక్కా అన్న. తన బండిలో థర్మోస్టాట్ ఉందో లేదో ఎలా తెలుస్తుందని. రేపు పొద్దున, రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి రేడియేటర్‌కు పోయే పై పైపు పట్టుకోండి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉంటుంది, అలాంటప్పుడు కింది పైపు చూడాలి. కొన్ని నిమిషాలు పైపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ ఉంది, పనిచేస్తోంది. మొదటి నిమిషం నుంచే కొంచెం కొంచెంగా వెచ్చబడుతూ పోతే, లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. లుంగీ, తువాలు ఫ్యానుకు దూరంగా పెట్టుకోండి. కరెంటు ఫ్యాను మీకు చెప్పి తిరగదు, ఇంజిను ఆపాక కూడా తిరుగుతుంది.